రంగు మారిన ఉడుతకు పుర్రె కూడా మారుతుందా?

మహబూబ్‌నగర్ పక్కనున్న పిల్లలమర్రి ఊడల మధ్య ఓ అరగంట కదలకుండా కూర్చుంటే ఉడుతలు లెక్కకు అందనన్ని కనిపిస్తాయి. అన్నీ ఒకే అచ్చులో పోసినట్టు అనిపించేది మొదటి ఐదు నిమిషాలే. కన్ను అలవాటుపడ్డాక ఒకదాని వీపు బూడిద రంగు, ఇంకొకదానిది ఎండిన జొన్న చొప్ప రంగు, మూడోదాని తల మీద ఇటుక పొడి చల్లినట్టు ఎర్రటి జీర. అక్కడి నుంచి అచ్చంపేట, మన్ననూరు మీదుగా నల్లమలలోకి వెళ్తే ఉడుత అనే మాటకే అర్థం మారిపోతుంది. ఫరహాబాద్ వైపు చెట్ల కొనల్లో తిరిగే బెట్టుడుత ఒళ్ళే అడుగు పొడవు దాటుతుంది, తోక దానికి తీసిపోదు, బరువు కిలోన్నర నుంచి రెండు కిలోలు. వీపు ముదురు ఎరుపు, పొట్ట మీగడ రంగు. నల్లమద్ది కొమ్మ మీద అడ్డంగా కూర్చుని తోకను కిందికి వేలాడేస్తే, దాన్ని ఉడుత అని ఒప్పుకోవడానికి కొత్తవాళ్ళకు కాస్త సమయం పడుతుంది.

ఒంటి రంగు ఇంతగా మారుతున్నప్పుడు లోపలి ఎముక కూడా మారుతుందా అన్నది వినడానికి చిన్న ప్రశ్న. కానీ ఉడుతల్లో ఎన్నో ఉపజాతులు కాగితం మీద పుట్టిందీ, వాటిలో చాలావాటిని తర్వాతివాళ్ళు కొట్టేసిందీ ఈ ప్రశ్న దగ్గరే. సూటిగా చెప్పాలంటే చాలాసార్లు పుర్రె మారదు. మారిన చోట కూడా అది రంగు వల్ల మారదు. మొదటి మాట సులభంగానే ఒప్పుకుంటారు. రెండోది ఒప్పుకోవడానికే ఉదాహరణలు కావాలి, ఎందుకంటే రంగూ పుర్రే కలిసి మారినట్టు కనిపించే జంతువులు నిజంగానే ఉన్నాయి.

ముందు పుర్రెను దగ్గరగా చూద్దాం. చింతచెట్టు మొదట్లో చచ్చిపడిన ఊరి ఉడుతను చీమలు నాలుగైదు రోజుల్లో శుభ్రం చేసి పెడతాయి. మిగిలిన పుర్రె పొడవు నాలుగు సెంటీమీటర్లకు అటూ ఇటూ, అంటే బొటనవేలి మీద నిలబెట్టవచ్చు. మొదట కంటికి తగిలేవి రెండు పెద్ద కంటిగుంతలు. ఒక్కో గుంత వెనుక అంచు మీద, వెనక్కీ కిందికీ వంగిన చిన్న ముల్లు ఉంటుంది. ఎలుక పుర్రెలో ఆ ముల్లు ఉండదు. ధాన్యం గదిలో దొరికిన పుర్రె ఎవరిదన్న తగాదా తీర్చడానికి అదొక్కటి చాలు. ముందరి కొరుకుడు పళ్ళు పైన రెండు, కింద రెండు. వాటి ముందు వైపు మాత్రమే నారింజ రంగు పింగాణీ పొర, వెనుక వైపు దానికంటే మెత్తటి పదార్థం. వెనుక వైపు తొందరగా అరిగిపోవడం వల్ల పంటి కొన వడ్రంగి ఉలిలా ఎప్పుడూ పదునుగానే ఉంటుంది. ఆ పళ్ళు బతికినంత కాలం పెరుగుతూనే ఉంటాయి కాబట్టి అరిగినా నష్టం లేదు.

కొరుకుడు పళ్ళ తర్వాత వేలితో తడిమితే తెలిసేంత ఖాళీ. ఆ వెనుక నమిలే పళ్ళు. ఊరి ఉడుతకు పై దవడలో ఒక్కో పక్క ఐదు, కింద నాలుగు. పైన ఉన్న ఐదింటిలో మొదటిది బియ్యపు నూకంత మొలక, దాన్ని చూడటానికి భూతద్దం మేలు. మొత్తం కలిపితే 22 పళ్ళు. బెట్టుడుతకు ఆ మొలక పన్నే లేదు, దాని లెక్క 20. పుర్రె పొడవులో ఊరి ఉడుతకు రెట్టింపుకు చేరువగా ఉండే జంతువుకు పళ్ళు రెండు తక్కువ కావడం తమాషాగా ఉంటుంది గానీ, ఎముకను నమ్ముకున్నవాడు వెతికేది సరిగ్గా ఇలాంటి తేడాలనే. ఎండా వానా దీన్ని మార్చలేవు, వయసు తెచ్చే నెరుపు దీన్ని తాకదు.

ఇంకొక్క చోటు చూడాలి. ముక్కు పక్కన, కంటికి ముందు, ఏటవాలు పలకలాంటి ఎముక ఉంటుంది. కింది దవడను లాగే ప్రధాన కండరం కంటిని దాటి ముందుకు వచ్చి ఆ పలకను పట్టుకుంటుంది. ఉడుతల పుర్రెకు అదే గుర్తింపు ముద్ర. గట్టి గింజను కొరుకుడు పళ్ళతో పగలగొట్టే బలం అక్కడి నుంచే వస్తుంది. కింది దవడ రెండు సగాలూ గడ్డం దగ్గర గట్టిగా అతుక్కుని ఉండవు, అందుకే చీమలు తిన్న పుర్రెను చేతిలోకి తీసుకుంటే దవడ రెండు ముక్కలై వచ్చేస్తుంది. బతికున్న ఉడుత ఆ వదులుతోనే కింది పళ్ళను కొద్దిగా ఎడం చేయగలదు. ఈ పుర్రెలో వంపులన్నీ ఏదో ఒక పనికి, ముఖ్యంగా తిండికి, లొంగి తయారైనవే.

రంగు సంగతి అలా కాదు. వెంట్రుక రంగు మెలనిన్ అనే రంగు పదార్థం నుంచి వస్తుంది. అందులో నలుపు గోధుమ ఛాయలు ఇచ్చే రకం ఒకటి, ఎరుపు పసుపు ఛాయలు ఇచ్చే రకం ఇంకొకటి. ఉడుత వీపు నుంచి ఒక్క వెంట్రుక తీసి వెలుతురుకు పట్టుకుంటే నలుపు, పసుపు, మళ్ళీ నలుపు పట్టీలుగా కనిపిస్తుంది. వెంట్రుక పెరుగుతున్నప్పుడు మొదట్లోని కణం ఒక రకం రంగు తయారీ నుంచి రెండో రకానికి మారి, మళ్ళీ వెనక్కి వస్తుందన్నమాట. ఈ మీటను నడిపే జన్యువుల్లో రెండు బాగా తెలిసినవి. ఒకటి ఎంసీ1ఆర్, రెండోది అగౌటి. మొదటిది నలుపు వైపు తోస్తే రెండోది దాన్ని ఆపుతుంది. ఈ తతంగమంతా చర్మంలో, వెంట్రుక కుదురులో జరిగేది. దవడ ఎముకకు దీని కబురు కూడా అందదు.

దీనికి అందరికన్నా స్పష్టమైన సాక్షి ఉత్తర అమెరికా బూడిద ఉడుత. అక్కడి ఊళ్ళలో బూడిద ఉడుతల మధ్య బొగ్గులాంటి నల్ల ఉడుతలు కనిపిస్తాయి. చాలా కాలం వాటిని వేరే జాతి అనుకున్నవాళ్ళు లేకపోలేదు. 2009లో పరిశోధకులు అసలు కారణం పట్టుకున్నారు. ఎంసీ1ఆర్ జన్యువులో 24 డీఎన్‌ఏ అక్షరాల ముక్క ఒకటి ఊడిపోయింది, అంతే. ఆ లోపం తల్లి నుంచీ తండ్రి నుంచీ వస్తే ఉడుత కారు నలుపు, ఒకరి నుంచే వస్తే గోధుమ కలిసిన నలుపు, ఎవరి నుంచీ రాకపోతే మామూలు బూడిద. ఒకే ఈతలో పుట్టిన పిల్లల్లోనే ఈ తేడాలు ఉండవచ్చు. ఒక తొర్రలో పెరిగి, ఒకే కాయ కొరికిన అన్నదమ్ముల పుర్రెలను పక్కపక్కన పెట్టి వీటిలో నల్లది ఏది అని అడిగితే చెప్పే మార్గం లేదు.

కథ అక్కడితో ఆగి ఉంటే ఇంత రాయనక్కర్లేదు. బూడిద ఉడుత ఉండే అడవుల్లోనే నక్క ఉడుత అని ఇంకో జాతి ఉంది. ఒళ్ళు కాస్త పెద్దది, సాధారణంగా పొట్ట నారింజ రంగు, కానీ దాంట్లోనూ నల్లవి ఉంటాయి. అంటే రెండు జాతుల నల్ల ఉడుతలు ఒకే చెట్టు మీద ఎదురుపడితే రంగు చూసి ఇది ఫలానా అని తేల్చడం కష్టం. పుర్రె చూస్తే మాత్రం క్షణంలో పని. బూడిద ఉడుతకు 22 పళ్ళు, నక్క ఉడుతకు 20. పైన మొదటి మొలక పన్ను ఉంటే బూడిదది, లేకపోతే నక్కది. మన ఊరి ఉడుతకూ బెట్టుడుతకూ ఉన్న తేడాయే సముద్రాల అవతల ఇంకో జంటలో మళ్ళీ కనిపిస్తుంది. ఇది చాలదన్నట్టు నక్క ఉడుత ఎముకలు తెల్లగా ఉండవు, గులాబీ రంగులో ఉంటాయి. రక్తానికి ఎరుపునిచ్చే పదార్థం తయారయ్యే దారిలో మధ్య సరుకు ఒకటి పూర్తిగా ఖర్చు కాక ఎముకల్లో పేరుకోవడం దీనికి కారణం. అతినీల లోహిత దీపం కింద పెడితే ఆ ఎముక నిప్పులా ఎర్రగా వెలుగుతుంది. మనుషుల్లో అయితే ఇలాంటిది జబ్బు. నక్క ఉడుతకు అది మామూలు జీవితం. ఎముకకూ రంగు ఉండవచ్చనీ, ఆ రంగుకూ పైన ఉన్న బొచ్చు రంగుకూ సంబంధం ఉండనక్కర్లేదనీ దీనికన్నా గట్టి రుజువు దొరకదు.

అసలు మలుపు 2019లో వచ్చింది. బూడిద ఉడుతను నల్లగా చేసే ఆ 24 అక్షరాల లోపం నక్క ఉడుతల్లోనూ దొరికింది. చుట్టుపక్కల జన్యు వరసను పోల్చి చూసిన పరిశోధకులు, రెండు జాతులూ ఎప్పుడో కలవడం వల్ల ఆ నలుపు నక్క ఉడుత నుంచి బూడిద ఉడుతకు వచ్చి ఉండటమే ఎక్కువ సంభవమన్నారు. అంటే రంగు జాతి గట్టు దాటి పక్క పొలంలోకి వెళ్ళింది. దానితో పాటు పళ్ళ లెక్క వెళ్ళలేదు, గులాబీ ఎముక వెళ్ళలేదు. రంగు ఒకే చిన్న మీట కాబట్టి ఒంటరిగా ప్రయాణం చేయగలదు. పుర్రె ఆకారం లెక్కలేనన్ని జన్యువుల ఉమ్మడి ఆస్తి. అది అలా చేతులు మారదు.

ఇప్పుడు మన ఉడుతల దగ్గరికి వద్దాం. వారధి కట్టేటప్పుడు ఇసుక మోసిన ఉడుత వీపును రాముడు మూడు వేళ్ళతో నిమిరాడని, అవే చారలయ్యాయని తెలుగు ఇళ్ళలో తెలియనివారు లేరు. ఉడుతాభక్తి అనే మాట దాని నుంచే. వాల్మీకి చెప్పని ఈ కథను తెలుగులో కావ్యానికి ఎక్కించినది గోన బుద్ధారెడ్డి రంగనాథ రామాయణం. గోన వంశం ఏలిన వర్ధమానపురం నేటి నాగర్‌కర్నూల్ జిల్లాలోని నంది వడ్డెమాన్. కాబట్టి మూడు చారల మీద పాలమూరుకు కాస్త హక్కు ఉన్నట్టే. ఇబ్బంది ఏమిటంటే దేశంలో ఐదు చారల ఉడుత కూడా ఉంది. మూడు చారల దానికి 1766లో లినేయస్ పేరు పెట్టాడు, ఐదు చారల దానికి 1905లో రౌటన్ పెట్టాడు. మొదటిది దక్షిణానిది, రెండోది ఉత్తరానిది అని పుస్తకాలు స్థూలంగా చెప్తాయి. కానీ వాటి పరిధులు దక్కనులో ఒకదానిమీద ఒకటి పడతాయి, తెలంగాణ ఆ కలగలుపు పట్టీలోనే ఉంది.

చారలు లెక్కపెట్టడం అనుకున్నంత తేలిక కాదు. ఐదు చారల దానికీ వీపు మీద బాగా కనిపించేవి మూడే. మిగతా రెండూ పక్కల మీద వెలిసిపోయిన ముగ్గు గీతల్లా ఉంటాయి. నల్లగొండలో మే నెల ఎండకు బొచ్చు రాలి పలచబడ్డ ఉడుతను చూసి మూడో ఐదో తేల్చడం పందెం కాయడమే. తోక అడుగు భాగం చూడటం మెరుగు. మూడు చారల దాని తోక కింద నడిమధ్య ఎర్రటి గీత ఉంటుంది, ఐదు చారల దానికి ఆ ఎరుపు ఉండదు. పుర్రెలు మాత్రం రెండింటివీ పరిమాణంలో దాదాపు ఒకటే, చూపుతో విడదీయడం కష్టం. నల్ల ఉడుత, బూడిద ఉడుత కథకు ఇది తిరగేసిన రూపం. అక్కడ ఒకే జాతికి రెండు రంగులు, ఒకే పుర్రె. ఇక్కడ రెండు జాతులకు రెండు రకాల బొచ్చు, కానీ పుర్రెలు కవలల్లాంటివి. బొచ్చు మాట వినకూడదని తీర్పు చెప్పేసి పుర్రెను న్యాయమూర్తి కుర్చీలో కూర్చోబెట్టేవారు ఈ జంట దగ్గర కాస్త తగ్గాల్సి ఉంటుంది.

బెట్టుడుత చరిత్ర ఇంకా చిక్కు. 1777లో ఎర్క్స్‌లెబెన్ దానికి శాస్త్రీయ నామం ఇచ్చిన తర్వాత, దొరికిన చోటల్లా రంగు మారిన ప్రతిసారీ కొత్త పేరు పెట్టే అలవాటు మొదలైంది. మలబారు వైపు వానలు దంచే అడవుల్లో వీపు నలుపు, ముదురు ఎరుపు కలిసి ఉంటుంది. ఉత్తరంగా, పొడి నేల వైపు వెళ్ళేకొద్దీ నలుపు తగ్గుతుంది. గుజరాత్‌లోని డాంగ్స్ అడవుల నుంచి వచ్చిన చర్మాలు దాదాపు తెల్లగా ఉన్నాయి, ఆ రూపం ఇప్పుడు కనుమరుగైందనే భావిస్తున్నారు. బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ 1911లో మొదలుపెట్టిన క్షీరదాల సర్వేలో ఈ చర్మాలు గుట్టలుగా పోగయ్యాయి. 1952లో అబ్దుల్ అలీ, డేనియల్ వాటిని తిరగేసి రంగు ఆధారంగా ఉపజాతుల పట్టిక తయారుచేశారు. 1965లో మూర్, టేట్ మళ్ళీ చూసి ఆ పట్టికను నాలుగు ఉపజాతులకు కుదించారు. జంతువులు అవే. మారింది ఏ తేడాకు ఎంత విలువ కట్టాలన్న లెక్క.

ఈ రంగుల వెనుక ఒక క్రమం ఉంది. తేమ ఎక్కువున్న చోట జంతువులు ముదురు రంగులోకి, పొడిచోట లేత రంగులోకి వాలతాయని 1833లో జర్మన్ జంతుశాస్త్రజ్ఞుడు గ్లోగర్ గమనించాడు. బెట్టుడుతకు ఆ సూత్రం చక్కగా సరిపోతుంది. నల్లమల ఆకురాల్చే పొడి అడవి, మలబారు సతత హరితం. రెండు చోట్ల ఉడుతలు ఒకే రంగులో ఉంటేనే ఆశ్చర్యపోవాలి. అయితే వాన వెంట వచ్చిన రంగు వాన వెంటే పోగలదు కూడా. పడమటి కనుమల్లో వానలు ఒక్కో లోయకు ఒక్కోలా పడతాయి, రంగులూ అలాగే ఒకదానిలోకి ఒకటి జారుకుంటాయి. మధ్యలో ఎక్కడో గీత గీసి ఇటు ఒక ఉపజాతి, అటు ఇంకోటి అంటే అది జిల్లా సరిహద్దు గీసినంత సులువు, దాదాపు అంతే ఏకపక్షం కూడా. మ్యూజియం సొరుగులతో ఇంకో పేచీ ఉంది. పాత చర్మాలు ఏళ్ళు గడిచేకొద్దీ ఎరుపు తిరుగుతాయి. నూరేళ్ళ నాటి చర్మాన్ని నిన్నటి ఫోటోతో పోల్చి రంగు తేడా కనిపెట్టేవారు సగం సొరుగు చేసిన పనినే కొలుస్తున్నారు.

మరి రంగూ పుర్రే కలిసి మారిన చోటు? ఇటలీ దక్షిణ కొనలో కలాబ్రియా అడవుల్లో ఉండే ఉడుతలన్నీ నల్లటి వీపు, తెల్లటి పొట్ట కలవే. 1907లో వాటిని ఐరోపా ఎర్ర ఉడుతకు ఉపజాతిగా వర్ణించారు. 2017లో జన్యువులు, ఒంటి కొలతలు, రంగు అన్నీ కలిపి చూసి వేరే జాతిగా నిలబెట్టారు. ఎర్ర ఉడుతకన్నా అది స్పష్టంగా బరువైనది, పెద్దది. ఇక్కడే ఎవరైనా నలుపుకూ పెద్ద ఎముకకూ ముడి పెట్టేస్తారు. కానీ ఆల్ప్స్ కొండల్లో అదే ఎర్ర ఉడుత జాతిలో నల్లవీ ఎర్రవీ ఒకే అడవిలో కలిసి బతుకుతున్నాయి, అవన్నీ ఒకే జాతి. కాబట్టి కలాబ్రియా ఉడుతను వేరు చేసింది నలుపు కాదు, మిగతావాటి నుంచి విడిపోయి ఆ మూల వేల ఏళ్ళు ఒంటరిగా ఉండిపోవడం. ఆ ఒంటరితనంలో ఎముకా మారింది, రంగూ మారింది, ఒకదాన్ని ఒకటి అడగకుండానే. విడిగా కాపురం పెట్టిన అన్నదమ్ముల ఇళ్ళలో కొన్నాళ్ళకు వంటా మారుతుంది, గోడల సున్నమూ మారుతుంది. సున్నం మార్చబట్టే కూర రుచి మారిందని ఎవరూ అనరు కదా.

ఇంతవరకు చదివి పుర్రె మీద గురి కుదిరినవారికి పల్లీల సంగతి చెప్పాలి. ఇంగ్లండులో లివర్‌పూల్ దగ్గర ఫార్మ్‌బీ అనే చోట ఎర్ర ఉడుతలకు జనం ఏళ్ళ తరబడి పల్లీలు పెట్టారు. మ్యూజియంలో దాచిన అక్కడి ఉడుతల కింది దవడలను బ్రిటన్‌లోని మిగతా చోట్ల ఎర్ర ఉడుతల దవడలతో పోల్చితే, ఫార్మ్‌బీ వాటి దవడలో కొరికే బలాన్ని అందించే అమరిక బలహీనంగా తేలింది. గట్టి గింజల పెంకు పగలగొట్టే పని తప్పి, మెత్తటి పల్లీకి అలవాటుపడిన దవడ అన్నమాట. రంగు మారలేదు, జాతి మారలేదు. తిండి మారింది, ఎముక మారింది.

పాలమూరులో ఈ మాట ఊరికే వదిలేయదగ్గది కాదు. వనపర్తి, గద్వాల, నాగర్‌కర్నూల్ వైపు యాసంగిలో పల్లీ ఎంత వేస్తారో తెలిసిందే. కల్లంలో కాయ ఆరబోసిన నాలుగు రోజులూ ఉడుతలకు పండుగ. కాపలా కూర్చున్న ముసలమ్మ గులకరాయి విసిరితే చెట్టెక్కి, ఆమె మళ్ళీ తల తిప్పేలోగా దిగివస్తాయి. అదే జాతి ఉడుత అమ్రాబాద్ అడవి అంచున తునికి, చింత, ఇప్ప గింజలతో కుస్తీ పడుతుంటుంది. ఈ రెండు గుంపుల దవడలను కొలిచి తేడా కనిపిస్తే, పైగా అడవి వాటి బొచ్చు కాస్త ముదురుగా ఉంటే, ముదురు రంగు ఉడుతలకు దవడ బలమెక్కువ అని రాసేయడానికి ఒక్క వాక్యం చాలు. ఆ వాక్యంలో సంఖ్యలన్నీ నిజమే అయినా చెప్పిన కారణం అబద్ధం.

రంగుకూ పుర్రెకూ మూలంలోనే బంధుత్వం ఉందనే వాదన ఒకటి ఉంది, దాన్ని దాటవేయడం న్యాయం కాదు. పిండం తొలి దశలో వెన్ను వెంబడి పుట్టే ఒక రకం కణాలు ఒళ్ళంతా వలస వెళ్ళి, కొన్ని చర్మంలో రంగు కణాలవుతాయి, కొన్ని ముఖం ఎముకలవుతాయి. 1959లో సోవియట్ జన్యుశాస్త్రజ్ఞుడు బెల్యాయెవ్ సైబీరియాలో మొదలుపెట్టిన ప్రయోగంలో, మనుషులకు మచ్చికయ్యే గుణం ఒక్కదాన్నే చూసి తరతరాలుగా ఎంపిక చేసిన నక్కల్లో తెల్ల మచ్చలూ వాలిన చెవులూ కనిపించాయి. మచ్చికైన జంతువుల్లో మచ్చలూ పొట్టి ముట్టే కలిసి రావడానికి ఆ వలస కణాల సంఖ్య తగ్గడమే కారణం కావచ్చని 2014లో ఒక ప్రతిపాదన వచ్చింది. దాని మీద వాదోపవాదాలు ఇంకా నడుస్తున్నాయి. అది నిజమే అనుకున్నా ఉడుతల నలుపుకూ ఎరుపుకూ వర్తించదు. తెల్ల మచ్చ అంటే రంగు కణం అక్కడికి చేరనే లేదు. నల్ల ఉడుతలో కణం చేరింది, తయారుచేసే సరుకు మాత్రం మారింది. పుర్రె గట్టిపడటానికీ ఆ సరుకుకూ లావాదేవీ లేదు.

కొలతల దగ్గర జరిగే పొరపాట్లు అంతకన్నా మామూలువి, అంతకన్నా ప్రమాదకరమైనవి. ఇక్కడి కళాశాలలో జంతుశాస్త్రం చదివే విద్యార్థి ఎవరైనా పది ఎర్ర ఛాయ ఉడుతలవీ పది బూడిద ఛాయ ఉడుతలవీ పుర్రెలు సంపాదించి వెర్నియర్ కాలిపర్స్‌తో కొలిచారనుకుందాం. ఎర్రవి సగటున ఒక మిల్లీమీటరు పొడవు తేలాయి. ఆ మిల్లీమీటరు రంగుదేనా? ఎర్రవాటిలో ముసలివి ఎక్కువ పడి ఉండవచ్చు. పిల్ల ఉడుత పుర్రెలో మెదడు డిప్ప పెద్దది, ముట్టె పొట్టిది, ఎముకల మధ్య అతుకులు ఇంకా విడిగా కనిపిస్తాయి. నమిలే పళ్ళ అరుగుదల చూసి వయసు అంచనా కట్టి, ముదిరిన వాటినే ముదిరిన వాటితో పోల్చాలి. ఆడా మగా ఎన్నెన్ని ఉన్నాయో చూడాలి. ఎర్రవన్నీ ఒక మండలం నుంచి, బూడిదవన్నీ ఇంకో మండలం నుంచి వచ్చి ఉంటే కొలిచింది రంగును కాదు, దూరాన్ని.

పెద్ద పుర్రె వేరు, వేరే ఆకారపు పుర్రె వేరు. పొడవు పెరిగితే వెడల్పూ పెరుగుతుంది, అది విశేషం కాదు. అదే పొడవుకు చెంప ఎముకల మధ్య వెడల్పు మారిందా, పళ్ళ వరస పొడవు మారిందా అన్నది విశేషం. అందుకే ఈ రోజుల్లో రెండు మూడు పొడవులు కొలిచి ఆగిపోరు. పుర్రె మీద స్థిరమైన బిందువులు గుర్తించి, వాటి స్థానాలను కంప్యూటర్‌లో పేర్చి, పరిమాణాన్ని పక్కన పెట్టి ఆకారాన్ని మాత్రమే పోలుస్తారు. ఇంత చేసినా చేతి లోపం ఉండనే ఉంటుంది. నాలుగు సెంటీమీటర్ల వస్తువును సోమవారం కొలిచి శుక్రవారం మళ్ళీ కొలిస్తే పదో వంతు మిల్లీమీటర్ల తేడా వస్తుంది. రంగు ఏదో చూడకుండా, చీటీ కప్పేసి కొలవడం ఖర్చులేని జాగ్రత్త. ఎర్రది పెద్దదని మనసులో అనుకున్న చెయ్యి కాలిపర్స్‌ను కాస్త వదులుగా పట్టుకుంటుంది.

బెట్టుడుత విషయంలో ఈ పనేదీ ఊరికే మొదలుపెట్టడానికి వీల్లేదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రక్షణ ఉన్న జంతువు అది. చచ్చి దొరికినా దాని పుర్రెను అటవీశాఖ అనుమతి లేకుండా ఇంటికి తెచ్చుకోకూడదు. పులుల అభయారణ్యంలో పెట్టే కెమెరాలు మోకాలి ఎత్తున ఉండి నేల మీద నడిచేవాటిని చూస్తాయి, చెట్టు దిగని ఉడుత వాటికి చిక్కేది తక్కువ. పర్యాటకులు ఫోనుల్లో తీసే ఫోటోలు చాలా ఉన్నాయి గానీ వాటిలో దొరికేది రంగే, అదీ ఆ పూట వెలుతురు ఇచ్చిన రంగు. మన్ననూరు దాటి శ్రీశైలం వెళ్ళే దారిలో చచ్చిపడినది ఎప్పుడైనా సిబ్బంది కంట పడితే, దాన్ని పక్కకు తీసేముందు తేదీ, చోటు, ఆడో మగో, వీపు, భుజాలు, పొట్ట, తోక కొన ఏ రంగులో ఉన్నాయో నాలుగు ముక్కలు రాసిపెట్టి, ఆ చీటీని పుర్రెతో కలిపి భద్రపరిస్తే చాలు. సొరుగుల్లో ఇప్పటికే ఉన్న చాలా పుర్రెలకు ఆ చీటీయే లేదు.